ఎండలు ముదరకముందే ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండి ఇంట్లో బీరు చేసుకునే మనవాళ్లు జూన్ రాకముందే సామాన్లన్నీ బయటపెట్టి ఒకసారి చూసుకోవాలి. వేడికి బీరు పాడైతే పారబోసుకుంటాం. సీసా పేలితే కళ్లు పోవచ్చు.

అందుకే సీసాల సంగతే ముందు. ఈస్ట్ చక్కెరను తిని గ్యాస్ వదులుతుంది. పులియడం పూర్తికాకుండా సీసాలో పోసి మూత బిగిస్తే ఆ గ్యాస్‌కు పోయే దారి ఉండదు. బకెట్ మూతకు పెట్టే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలే చిన్న గొట్టంలో) బుడగలు ఆగాయని తొందరపడకండి, బకెట్ మూత వదులుగా ఉన్నా అవి ఆగిపోతాయి. బీరు సాంద్రతను బట్టి ఇంకా చక్కెర మిగిలిందో లేదో చెప్పే హైడ్రోమీటర్‌నే నమ్మండి. ఈరోజు 1.012 చూపిస్తే, మూడు రోజుల తర్వాత కూడా 1.012 దగ్గరే నిలబడాలి. అది సన్నటి గాజుతో చేసింది, ఇట్టే పగులుతుంది, కాబట్టి రెండోది కొని ఉంచుకోండి. బీరులో గ్యాస్ పుట్టడానికి సీసాల్లోకి వెళ్లే కార్న్ షుగర్‌ను చెంచాలతో కొలవొద్దు, తూకం వేయండి. 5 గ్యాలన్లకు, అంటే దాదాపు 19 లీటర్లకు, మామూలు ఏల్ రకం బీరు అయితే 110-120 గ్రాములు చాలు. దాన్ని నీళ్లలో మరిగించి, చల్లార్చి, బీరంతటికీ సమంగా కలపాలి.

మర మూతల సీసాలు, పల్చటి గాజువి పక్కన పడేయండి. ప్రతి సీసా మూతిని వెలుతురులో తిప్పి చూడండి, చిన్న పెచ్చు లేచినా వాడొద్దు. నింపినవాటిని మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంట్లోనే చల్లటి చోట ఉంచాలి. గ్యారేజీలో వద్దు, కారు డిక్కీలో అసలే వద్దు. ఒకటి తెరవగానే నురగ ఎగజిమ్మితే, మిగతావి ముట్టుకునే ముందు కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకోండి.

ఇక వేడి. పులిసేటప్పుడు బకెట్ లోపల గదికంటే మూడు నుంచి ఐదు డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది. చాలా ఏల్ ఈస్ట్‌లకు 18-20 సెల్సియస్ బాగుంటుంది. ఇంట్లో ఏసీ 78 ఫారెన్‌హీట్‌లో పెడితే గదే 25 దాటినట్టు. మొదటి మూడు రోజులు వేడెక్కితే బీరుకు థిన్నర్ లాంటి ఘాటు వస్తుంది, ఆ తర్వాత ఎంతకాలం దాచినా పెద్దగా తగ్గదు. నీళ్ల టబ్బులో బకెట్ పెట్టి, ఉదయం సాయంత్రం గడ్డకట్టించిన నీళ్ల బాటిళ్లు మారుస్తుండండి. పాత ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ ఉంటే ఇంకా మేలు. అవేవీ కుదరకపోతే నార్వే వాళ్ల క్వైక్ ఈస్ట్ తెప్పించుకోండి, అది 35 డిగ్రీల సెల్సియస్‌లోనూ శుభ్రంగా పులియబెడుతుంది. నా మాట అడిగితే వేసవికి అదే.

ప్రొపేన్ బర్నర్ ఆరుబయటే వెలిగించాలి. గ్యారేజీ తలుపు తెరిచాం కదా అంటే సరిపోదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. 5 గ్యాలన్లు కాచడానికి కనీసం 8 గ్యాలన్ల గిన్నె కావాలి, ఎందుకంటే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) వేయగానే ఒక్కసారిగా పొంగుతుంది. వేడి వర్ట్‌ను (ఇంకా పులియని బీరు రసాన్ని) గాజు కార్బాయ్‌లో (పెద్ద జాడీలో) పోయకండి, పగులుతుంది. బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ, ఆసిడ్ శానిటైజర్‌తో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

అమెరికాలో 1978 చట్టం ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఇండియాలో అత్తారింటికో అమ్మవాళ్లింటికో వెళ్లినప్పుడు మాత్రం ఈ ప్రయత్నం వద్దు, అక్కడ లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే హాప్స్ పిప్పిని చెట్ల మొదళ్లలో వేయకండి. అది తింటే కుక్కకు ఒళ్లు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సంచిలో ముడివేసి చెత్తబుట్టలో పడేయండి. తిన్నదని అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.