రక్తం పల్చబడే మాత్ర: నేను ఎలా వేసుకుంటున్నానంటే

నా గుండెలో మెకానికల్ వాల్వ్ పెట్టి తొమ్మిదేళ్లయింది. రాత్రిపూట గది నిశ్శబ్దంగా ఉంటే దాని టిక్ టిక్ నాకే వినిపిస్తుంది. ఆ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకుంటాను.

పేరుకి రక్తం పల్చబడే మాత్రే గానీ, రక్తమేమీ నీళ్లలా అయిపోదు. రక్తం గడ్డకట్టడానికి లివర్ తయారుచేసే కొన్ని ప్రొటీన్లకు విటమిన్ కె కావాలి. శరీరం ఆ విటమిన్‌ను తిరిగి వాడుకోకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. అప్పటికే రక్తంలో ఉన్న ప్రొటీన్లు ఖర్చవ్వాలి కాబట్టి పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా నాకు వెంటనే పనిచేసే హెపారిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. అన్నట్టు, ఈ మందు 1948లో ఎలుకల్ని చంపడానికి అమ్మకానికొచ్చింది. ఇది తెలిసిన రోజు మాత్ర మింగడానికి కాస్త జంకాను.

కాలి సిరల్లో గడ్డ కట్టినవాళ్లకు, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటివి ఇస్తున్నారు. వాటికి మాటిమాటికీ రక్తపరీక్ష అక్కర్లేదు. నాలాంటి వాల్వ్ ఉన్నవాళ్లకు మాత్రం అవి పనికిరావు. స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ దారి వేరు. అవి ప్లేట్‌లెట్లు, అంటే గడ్డ కట్టించే చిన్న రక్తకణాలు, ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి.

నేను మాత్ర రాత్రి ఎనిమిదింటికి వేసుకుని వెంటనే క్యాలెండర్లో టిక్ పెడతాను. పగలు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష, అంకె పెరిగితే ఆలస్యంగా గడ్డకడుతుందని) రిపోర్టు వచ్చి డాక్టర్ డోసు మారిస్తే ఆ రాత్రే మార్చుకోవచ్చు. మర్చిపోయి పడుకునేలోపు గుర్తొస్తే వేసుకుంటాను. తెల్లారాక గుర్తొస్తే వదిలేసి, డాక్టరుకు చెప్తాను. రెండు కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోను. మందు వాడనివాళ్లకు ఐఎన్ఆర్ 1 దగ్గర ఉంటుంది, చాలామంది రోగులకు 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. నాది మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) కాబట్టి 2.5 నుంచి 3.5.

మొదటి ఏడాది భయంతో ఆకుకూరలు పూర్తిగా మానేశాను. అనవసరం. వాటిలో విటమిన్ కె ఉన్నమాట నిజమే, కానీ వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే డోసు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ తింటేనే తంటా.

నేను నిజంగా దెబ్బతిన్నది పంటి నొప్పితో. నేను వార్ఫరిన్ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పకుండా, ఆ డాక్టర్ రాసిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడాను. అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది. ఐదో రోజు బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. పరీక్ష చేస్తే ఐఎన్ఆర్ 6 దాటింది. తప్పు నాదే. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా సొంతంగా వేసుకోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం కనబడకపోయినా సరే వెళ్లాలి. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అలాగని మాత్ర మనంతట మనమే ఆపకూడదు.

ఇప్పుడు నా పర్సులో ఒక చీటీ ఉంటుంది: మైట్రల్ మెకానికల్ వాల్వ్, వార్ఫరిన్, చివరి ఐఎన్ఆర్. పళ్ల డాక్టర్ కుర్చీలో నోరు తెరిచే ముందే అది తీసి చేతిలో పెడతాను.