గుండెలో రక్తం దారి – 3వ పాఠం: బొమ్మ పక్కన పెట్టి వేలు పెట్టి చూద్దాం

కిందటి పాఠంలో గుండె బొమ్మ గీసి నాలుగు గదులకూ పేర్లు రాసుకున్నాం: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఈ వారం మటన్ షాపుకి వెళ్లాలి. మేక గుండె మనదాని కన్నా చిన్నదే గానీ లోపలి అమరిక దాదాపు ఒకటే. అలవాటు కొద్దీ కార్జంతో కలిపి ముక్కలు కొట్టేస్తారు కాబట్టి ముందే చెప్పండి: కొయ్యొద్దు, పైన గొట్టాలు వీలైనంత పొడుగ్గా ఉంచమని. గ్లౌజులు, పళ్లెం, కత్తెర, చెంబుడు నీళ్లు ఉంటే చాలు. మాంసం ముట్టనివాళ్లు మీ బొమ్మ మీదే వేలు నడిపిస్తూ చదవండి.

ముందు కుడి ఎడమలు తేల్చుకుందాం. పుస్తకంలో బొమ్మ మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. అతని ఎడమ మనకు కుడివైపు కనిపిస్తుంది. పరీక్షల్లో సగం తప్పులు ఇక్కడే పుడతాయి. చేతిలో గుండె ఉంటే ఆ గొడవే లేదు. రెండు పక్కలా బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోయేది కుడి జఠరిక, గట్టిగా ఎదురు నిలిచేది ఎడమ జఠరిక. కింది మొన కూడా ఎడమదే. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, ఎడమది తల నుంచి కాలి వేళ్ల దాకా పంపాలి. అందుకే కుడి జఠరికలో పీడనం పాతిక దగ్గర ఉంటే, ఎడమదానిలో 120 దాకా లేస్తుంది. బీపీ చూసినప్పుడు పైన రాసే అంకె దాదాపు ఇదే.

ఇప్పుడు పైన గొట్టాలు చూడండి. గోడ మందంగా, నోరు గుండ్రంగా తెరుచుకునే ఉన్నది బృహద్ధమని, ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం. దానికి ముందువైపు, కాస్త పల్చటి గోడతో ఉన్నది పుపుస ధమని, ఊపిరితిత్తులకు వెళ్లేది. ఇంకా కత్తెర పెట్టకండి. బృహద్ధమనిని నిలువుగా పట్టుకుని నీళ్లు పోయండి. కవాటం, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపు, తెగకుండా ఉంటే నీళ్లు జఠరికలోకి దిగవు, గొట్టంలోనే నిలుస్తాయి. అడుగున అర్ధచంద్రాకారంలో మూడు చిన్న జేబులు నీళ్లతో నిండి, ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. వాటిని మూసే కండ ఏదీ లేదు, వెనక్కి వచ్చిన ద్రవమే మూస్తుంది. నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. నీటిమట్టం మెల్లగా తగ్గుతుంటే కంగారు పడకండి. ఆ జేబుల పైనే కరోనరీ ధమనుల నోళ్లున్నాయి, నీళ్లు వాటిలోకి జారుతున్నాయి. గుండె తన సొంత తిండి తీసుకునేది అక్కడి నుంచే.

ఇక కత్తెర తీసుకుని ఎడమ పక్కను పై నుంచి మొన దాకా తెరవండి. కర్ణికకూ జఠరికకూ మధ్య రెండు రెక్కల తలుపు ఉంటుంది. ఆసుపత్రిలో మిట్రల్ వాల్వ్ అనేది దీన్నే. రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు దిగి, జఠరిక గోడ మీద లేచిన కండ మొనలకు కట్టి ఉంటాయి. ఒక దారం లాగి చూడండి, సన్నగా ఉన్నా సులువుగా తెగదు. ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్టు, జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు పైకి తిరగబడకుండా పట్టి ఉంచేవి ఇవే. చిన్నతనంలో వచ్చే రుమాటిక్ జ్వరం ఎక్కువగా దెబ్బతీసేది ఈ కవాటాన్నే. కుడి పక్క కూడా ఇలాంటి తలుపే, కాకపోతే మూడు రెక్కలు.

మధ్య గోడను వేళ్ల మధ్య పట్టుకోండి. దీనికి కంటికి కనపడని చిల్లులున్నాయని, రక్తం వాటిగుండా కుడి నుంచి ఎడమకు ఊరుతుందని రోమన్ కాలపు వైద్యుడు గాలెన్ చెప్పాడు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్-నఫీస్ అలాంటి చిల్లులేవీ లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగొస్తుందని రాశాడు. మొత్తం ఒంట్లో అది చుట్టూ తిరుగుతుందని 1628లో విలియం హార్వే లెక్కగట్టి చూపించాడు. ఆ లెక్క మనమూ వేయొచ్చు: ఒక దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, అంటే హోటల్లో చిన్న కప్పుడు టీ. నిమిషానికి 72 సార్లు. ఐదు లీటర్లు దాటింది! ఒంట్లో ఉన్న రక్తమంతా ఇంచుమించు అంతే.

దారి ఇప్పుడు ఒకసారి నడవండి. ఒంటి నుంచి రెండు మహాసిరలు, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. ధమని అంటే మంచి రక్తం అని ఇంటర్‌లో రాసి నేను మార్కులు పోగొట్టుకున్నాను. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర, అంతే. పుపుస ధమనిలో పారేది ఆక్సిజన్ తగ్గిన రక్తమే. అదీ నీలంగా ఉండదు, ముదురు ఎరుపు.

ఇంకో మాట. వరసగా చెప్పుకున్నాం కదా అని కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత కొట్టుకుంటుందనుకోవద్దు. రెండు కర్ణికలూ కలిసి, ఆ వెంటనే రెండు జఠరికలూ కలిసి ముడుచుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే లబ్, డబ్ ఆ తలుపులు మూసుకునే చప్పుళ్లే: మొదటిది పైగదులకూ కిందిగదులకూ మధ్యవి, రెండోది ధమనుల మొదట్లో ఉన్న జేబులవి.

వచ్చే పాఠం లోపు ఇది ఆలోచించి నోట్సులో రాసుకోండి. మిట్రల్ వాల్వ్ సరిగా మూసుకోక, ప్రతి దెబ్బకూ కొంత రక్తం వెనక్కి తంతోంది. ఆ వాల్వ్ దగ్గర నుంచి దారిలో వెనక్కి నడిచి చూడండి: ఆ మనిషికి మొదట వచ్చేది కాళ్ల వాపా, ఆయాసమా?