డాబా మీది చీమల బారుకి ఎండ ఏం చేస్తుందో ఎలా చూడాలి?

గ్రీన్‌హౌస్ వాయువులు పెరిగితే పురుగులు ఒకదానితో ఒకటి వాసనలతో చెప్పుకునే కబుర్లు దెబ్బతింటాయి. ఎలా అని అడిగితే మాత్రం అందరూ కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఆగిపోతారు. నిజానికి దారులు మూడు: వేడి, ఓజోన్, కార్బన్ డయాక్సైడ్. ఇందులో వేడి సంగతి హైదరాబాద్‌లో ఎవరైనా ఏప్రిల్, మే నెలల్లో ఇంటి డాబా మీదే చూసుకోవచ్చు, ఖర్చు ఒక బెల్లం ముక్క.

గండు చీమల జోలికి వెళ్లకండి, కరుస్తాయి. వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ బారు కట్టే చిన్న చీమలు చాలు. నీడలో ఒక పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో చిన్న గ్లాసు బోర్లించి దాని మీద బెల్లం పెట్టండి. పాత ఫైల్ అట్టలోంచి వేలెడు వెడల్పుతో ఒకే కొలత పట్టీలు రెండు కత్తిరించి, బయటి నుంచి గ్లాసు మీదికి పక్కపక్కనే వంతెనల్లా వేయండి. ఒక చీమ బెల్లం రుచి చూసి వెనక్కి వెళ్తూ పొట్ట చివరను అట్టకి తాకిస్తూ నడుస్తుంది, అదే దారి వాసన. రెండు పట్టీల మీదా బారు బాగా కుదిరేదాకా ఆగండి, తొందరేం లేదు.

ఇప్పుడు పట్టీలు తీసి చీమల్ని మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదొద్దు, మనం వదిలే గాలిలో దాదాపు 4 శాతం కార్బన్ డయాక్సైడే, దోమలు మనల్ని పసిగట్టేది కూడా దానితోనే, అది తగిలితే చీమలూ బెదురుతాయి. ఒక పట్టీని పిట్టగోడ మీద ఎండలో, రెండోదాన్ని నీడలో పెట్టండి. పది నిమిషాలు చాలు, ఎందుకంటే కొన్ని రకాల చీమల దారి వాసన నీడలో ఉన్నా కొద్ది నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. తర్వాత రెండింటినీ కాసేపు నీడలో చల్లారనిచ్చి మళ్లీ వంతెన వేయండి. ఈ చల్లార్చడం మానేస్తే పరీక్ష దండగ, కాళ్లు కాలి పక్కకి తిరిగినా వాసన పోయి తిరిగినట్టే కనిపిస్తుంది.

ఇక మొదట వచ్చే ఇరవై చీమలు ఏ పట్టీ ఎక్కుతున్నాయో లెక్కపెట్టండి. ఎండ తిన్న అట్ట అంచు దగ్గర చీమ ఆగి, మీసాలు అటూ ఇటూ ఆడించి, ఒక చుట్టు తిరిగి వెనక్కి పోతే మీకు కావాల్సింది దొరికినట్టే, ఎండ వేడికి దారి వాసన ఆవిరైపోయిందన్నమాట. ఎడమ కుడి మార్చి మళ్లీ మొదటి నుంచి చేయండి.

మీరు చూసింది ఎండ ప్రభావం వరకే. ఓజోన్ కథ వేరు, నాకైతే అదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. వాహనాల పొగ, మీథేన్ లాంటివి ఎండలో కలిసి నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది, ఇదీ గ్రీన్‌హౌస్ వాయువే. చాలా పురుగుల వాసనల్లో కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాల్ని అది తెంచేస్తుంది. జర్మనీలో యెనా నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు 2023లో ప్రచురించిన పనిలో, ఓజోన్ పీల్చిన పండ్ల ఈగల్లో మగవి ఆడ మగ తేడా తెలియక తోటి మగవాటి వెంటే పడ్డాయి.

కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అక్షింతల పురుగు పట్టుకోగానే పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగు) ఒక హెచ్చరిక వాసన వదులుతుంది, పక్కనున్నవి ఆకు మీంచి జారిపోతాయి. ఈ వాయువు పెంచి చూసిన ప్రయోగాల్లో కొన్ని పేనుబంకలు ఆ హెచ్చరికకి అంతగా కదల్లేదు. ఇది ఇంట్లో చేసే పని కాదు, గ్లాసు మూతపెట్టి ఊది చూద్దామని పిల్లలు అడిగినా ఒప్పుకోవద్దు.

రెండు పట్టీల మీదా చీమలు సమానంగా నడుస్తుంటే అవి కళ్లతో దారి గుర్తుపెట్టుకునే రకం కావచ్చు, లేదా ఆ రోజు మబ్బు పట్టి అట్ట సరిగ్గా వేడెక్కకపోయి ఉండొచ్చు. ఎండ బాగా కాసిన రోజు కొత్త పట్టీలతో మళ్లీ చూడండి, వాడిన అట్ట వాడొద్దు.