రొయ్యల గుంటకి లైవ్ స్క్రీన్ చేసే పద్ధతి

విడవలూరు వైపో అల్లూరు వైపో ఎవరైనా "గుంటలో ఆక్సిజన్ ఎంతుందో ఇంట్లో ఫోన్‌లో కనపడేలా చేసిపెట్టు అబ్బయా" అని అడిగితే గ్రాఫులూ రంగులూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆయన ఆ స్క్రీన్ ఎప్పుడు చూస్తాడో ఆలోచించండి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో, నిద్రమత్తులో. రాత్రంతా ప్లాంక్టనూ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) రొయ్యలూ కలిసి ఆక్సిజన్ పీల్చేస్తాయి, ఎండ వస్తేగానీ మళ్లీ తయారవదు. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే దిగితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆడాల్సిందే.

సెన్సర్ నుంచి సర్వర్‌కి ఎంక్యూటీటీ వాడండి, చిన్న పరికరాలు సందేశాలు పంపుకునే తేలికపాటి పద్ధతి అది. సర్వర్ నుంచి ఫోన్‌కి అందరూ వెబ్‌సాకెట్ (రెండువైపులా మాట్లాడుకునే తెరిచిన లైన్) అంటారు గానీ ఇక్కడ సర్వర్-సెంట్ ఈవెంట్స్ (సర్వర్ నుంచి బ్రౌజర్‌కి ఒకవైపే వచ్చే లైన్) చాలు, లైన్ తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుంటుంది, వెబ్‌సాకెట్ అయితే అదంతా మీరే రాసుకోవాలి. వెబ్ పేజీలు వచ్చే పాత పద్ధతి హెచ్‌టీటీపీ 1.1 మీద మాత్రం ఒక సైట్‌కి 6 కనెక్షన్లకి మించి బ్రౌజర్ ఇవ్వదు, తెరిచిన ఒక్కో ట్యాబ్ ఒకటి పట్టుకుని కూర్చుంటుంది, అందుకని హెచ్‌టీటీపీ 2 పెట్టుకోండి.

అసలు ప్రమాదం ఎక్కడంటే, స్క్రీన్ మీద 5.2 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, కానీ అది నలభై నిమిషాల కిందటి అంకె, కరెంటు పోయి గుంట దగ్గర రూటర్ ఆగిపోయింది. కరెంటు పోతే ఏరియేటర్లూ ఆగుతాయి కదా, అంటే కొంప మునిగే గంటలోనే స్క్రీన్ అంతా బాగుందని చెబుతోంది! కాబట్టి ప్రతి రీడింగుతో పాటు సెన్సర్ దాన్ని తీసిన టైమ్ కూడా పంపించండి. అర నిమిషం కొత్తది రాకపోతే అంకె బూడిదరంగులోకి మారాలి, రెండు నిమిషాలు దాటితే అంకె తీసేసి "3:12 తర్వాత సమాచారం లేదు" అని రాయాలి. ఈ లెక్క ఫోన్‌లోనే నడవాలి, ఎందుకంటే లైన్ తెగాక సర్వర్ చెప్పేదేమీ అక్కడికి చేరదు. ఫోన్ లాక్ చేస్తే పేజీ కూడా నిద్రపోవచ్చు, అందుకే అలారం పేజీకి వదిలెయ్యకుండా సర్వర్ నుంచి ఫోన్ కాల్‌గా వెళ్లాలి. డివైస్ గల్లంతైతే సర్వర్‌కి తెలియడానికి ఎంక్యూటీటీలో లాస్ట్ విల్ అని ఉంది, వాడండి.

అలారం 4 దగ్గర మోగి 4 దగ్గరే ఆగేలా పెడితే 3.9, 4.1 మధ్య ఊగుతూ రాత్రంతా కూస్తుంది, విసుగొచ్చి సౌండ్ తీసేస్తారు. 4కి మోగాలి, 4.5 దాటాకే ఆగాలి.

స్క్రీన్ మీద ఏరియేటర్ బటన్ నొక్కగానే "ఆన్" అని చూపించొద్దు. సెకనులో పదో వంతులో "పంపాం" అని రావాలి, మోటారు కరెంటు లాగుతోందని అక్కడి మీటర్ చెప్పాకే "ఆడుతోంది" అనాలి. చాట్ యాప్‌లో మెసేజ్ వెళ్లినట్టు ముందే చూపిస్తే పోయేదేం లేదు, ఇక్కడ అలా కుదరదు.

రైతు చేతికి ఇచ్చేముందు గుంట దగ్గర రూటర్ ప్లగ్ పీకేసి, స్క్రీన్‌కి ఆ సంగతి ఎంతసేపటికి తెలుస్తుందో వాచీ పెట్టుకుని చూడండి.