కుక్క బొచ్చు కళ తప్పిందా? ముందు దాని గిన్నె చూడండి

షాంపూలు మార్చి, కొబ్బరినూనె పట్టించి, ఇక లాభం లేదనుకున్నాక గానీ చాలామందికి తిండి సంగతి గుర్తుకు రాదు. కుక్క తినే ప్రోటీన్‌లో పాతిక నుంచి ముప్పై శాతం దాకా చర్మానికీ బొచ్చుకే పోతుంది. చర్మం తేమ నిలుపుకోవాలంటే లినోలిక్ ఆమ్లం అనే ఒమేగా-6 కొవ్వు కావాలి. అది కుక్క ఒంట్లో తయారు కాదు, తిండిలోంచే రావాలి.

బొచ్చు గరుకుగా, వెలిసిపోయినట్టు ఉంది. దువ్వితే తెల్లటి పొట్టు రాలుతోంది. దురద మాత్రం లేదు.

పెరుగన్నం, పాలన్నంతో పెరిగే కుక్కకి ఇలా ఉంటే నా మొదటి అనుమానం కొవ్వు లోటు మీదే. తెల్లన్నంలో కొవ్వు దాదాపు ఉండదు. "రోజూ నెయ్యి వేస్తున్నాం కదా" అంటారు. నెయ్యిలో లినోలిక్ ఆమ్లం రెండు మూడు శాతమే. కొబ్బరినూనెలోనూ అంతే, పామాయిల్‌లో పది. వేరుశనగ నూనెలో సుమారు 30, నువ్వుల నూనెలో 40, మామూలు పొద్దుతిరుగుడు నూనెలో 60 శాతం దాకా ఉంటుంది. కాబట్టి ఎంత నూనె వేశామన్నదానికంటే ఏ నూనె వేశామన్నదే ముఖ్యం.

పది కిలోల కుక్కకి రోజుకి ఒక టీస్పూన్ పొద్దుతిరుగుడు నూనె చాలు. కాచకుండా, చల్లారిన తిండి మీద వేయండి. గారెలు వేయించగా మిగిలిన నూనె వద్దు. మొదటి రోజు పావు స్పూనుతో మొదలుపెట్టి వారంలో పెంచండి, లేకపోతే విరేచనాలవుతాయి. టీస్పూన్ నూనెకి 40 కేలరీలు కనుక అన్నం కొంచెం తగ్గించండి. లావుగా ఉన్న కుక్కకీ, ఇంతకుముందు క్లోమగ్రంథి వాపు వచ్చిన కుక్కకీ డాక్టర్ని అడగకుండా నూనె పెంచకండి, అది ప్రాణం మీదికి రావచ్చు.

నూనె ఒక్కటే పోస్తే సరిపోదు. బొచ్చంతా ప్రోటీనే కదా, ఉడికించిన గుడ్డో, ఉల్లి వెల్లుల్లి మసాలా లేని కోడిమాంసమో రోజూ ఉండాలి. పచ్చిగుడ్డు తెల్లసొన అలవాటు చేస్తే అందులోని అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఇంత చేసినా మార్పు కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పాత వెంట్రుక బాగుపడదు, కొత్తది మొలవాలి. రెండో వారంలోనే మానేయకండి.

కొన్న డ్రై ఫుడ్డే పెడుతున్నాం, అయినా నిగారింపు లేదు.

షాపులో తెరిచిన బస్తాలోంచి కిలోల లెక్కన తెస్తున్నారేమో చూసుకోండి. గాలి, వేడి తగిలితే ముందు పాడయ్యేది ఈ మంచి కొవ్వులే. మన ఎండలకి మరీ త్వరగా చిక్కువాసన పడుతుంది. సీలు ఉన్న చిన్న ప్యాకెట్ కొని, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, నెలలోపు వాడేయండి.

ఒకటే గోక్కుంటోంది, పాదాలు నాకుతోంది, చెవులు ఎర్రబడ్డాయి.

ముందు పిడుదులు, గజ్జి లేవని తేల్చుకోండి. అవి ఉండగా ఏ నూనె పోసినా వృథా. అవి లేకపోతే అలర్జీ కావచ్చు. ఇక్కడ పనికొచ్చేది ఒమేగా-3, అంటే చేపనూనెలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వులు. ఇవి చర్మం వాపును తగ్గిస్తాయి. మందుల దుకాణంలో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఇవి రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి. పది కిలోల కుక్కకి రోజుకి రెండు సరిపోతాయి. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వద్దు, దానిలోని ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుంటాయి. కోస్తాలో ఉన్నవారు కవళ్లు, కానాగంతలు ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టవచ్చు. అవిసె గింజలు చేపకి బదులు కావు, వాటి కొవ్వును ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్కకి చాలా తక్కువ.

తిండే పడటం లేదేమో తేల్చడానికి, అది ఇదివరకు తినని మాంసంతో ఎనిమిది వారాలు నడపాలి. ఆ మధ్యలో ఒక్క బిస్కట్ ఇచ్చినా పరీక్ష చెడినట్టే.

రెండు పక్కలా ఒకేలా బొచ్చు ఊడి, ఒళ్లు పెరుగుతోంది. లేదా గుండ్రటి మచ్చలు, జిడ్డు, పులిసిన వాసన.

మొదటిది థైరాయిడ్ లోపం కావచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. రెండోది చాలావరకు ఫంగస్, వానాకాలంలో ఎక్కువ. వీటికి గిన్నెలో మందు లేదు. నూనెతో రోజులు గడపకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.