అమెరికా యూనివర్సిటీలో ఉచిత ట్యూటరింగ్ ఎలా వాడుకోవాలి?

ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలు చాలామంది మొదటి సెమిస్టర్‌లో తడబడేది తెలివి తక్కువై కాదు, అడిగే అలవాటు లేక. మన కాలేజీల్లో సందేహం వస్తే పక్కనున్నవాణ్ని అడుగుతాం, లేదా సీనియర్ నోట్స్ జిరాక్స్ తీసుకుంటాం. లెక్చరర్ గదికి వెళ్లేది రికార్డు మీద సంతకం కోసమే. అమెరికాలో ఆ అలవాటుతో నెట్టుకురావడం కష్టం.

అక్కడి యూనివర్సిటీల్లో విద్యార్థికి చదువులో సాయం చేయడానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. చాలాచోట్ల విడిగా ఏమీ తీసుకోరు. ఫ్రీ అని మొహమాటపడకండి. మీరు లోన్ తీసుకుని కట్టిన ఫీజులో అది కూడా కలిసే ఉంటుంది.

మొదట సిలబస్ చదవండి. మొదటి వారంలో ప్రొఫెసర్ ఇచ్చే ఆ నాలుగైదు పేజీల్లో పాఠాల పేర్లే కాదు, ప్రొఫెసర్‌కీ, టీఏకీ (ప్రొఫెసర్‌కి బోధనలో సాయం చేసే విద్యార్థి) ఆఫీస్ అవర్స్ (విద్యార్థులు గదికి వెళ్లి సందేహాలు అడిగే సమయం) ఎప్పుడో, అసైన్‌మెంట్ ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయో, స్నేహితులతో కలిసి ఎంతవరకు చేయవచ్చో రాసి ఉంటుంది. ఆఫీస్ అవర్స్‌ని ఆ రోజే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

రెండో వారంలోనే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. మిడ్‌టర్మ్ ముందురోజు వెళ్తే అక్కడ క్యూ ఉంటుంది. నా మొదటి అసైన్‌మెంట్‌కి సగం మార్కులు కూడా రాలేదు. ప్రొఫెసర్ గది దాకా రెండుసార్లు వెళ్లి, నన్ను తక్కువగా చూస్తారేమోనన్న భయంతో వెనక్కి వచ్చేశాను. మూడోసారి లోపలికి వెళ్తే పది నిమిషాల్లో విషయం తేలిపోయింది. అసైన్‌మెంట్‌లో ఫలానా పద్ధతి ఎందుకు ఎంచుకున్నావని ప్రశ్న అడిగితే, ఆ పద్ధతి ఏమిటో నేను మూడు పేజీలు రాశాను. మన పరీక్షల అలవాటు అది. అడగకపోతే సెమిస్టర్ అంతా అలాగే రాసేవాణ్ని.

‘ఏమీ అర్థం కావడం లేదు’ అంటే వాళ్లూ ఏమీ చేయలేరు. ‘ఈ లెక్క ఇక్కడిదాకా చేశాను, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను’ అని కాగితం చూపించండి. ఇంగ్లిష్‌లో తడబడతామనే టెన్షన్ ఉంటే అడగాల్సిన రెండు వాక్యాలు రాసుకుని వెళ్లి, చూసి చదవండి. ఎవరూ ఏమీ అనుకోరు.

తర్వాత ట్యూటరింగ్ సెంటర్. వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, కొన్నిచోట్ల నేరుగా వెళ్లవచ్చు. ట్యూటర్లు ఎక్కువగా ఆ కోర్సు బాగా చదివిన విద్యార్థులే. బీఎస్ చేసేవారికి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో బాగా పనికొస్తుంది. ఎంఎస్ కోర్సులకు ట్యూటర్లు తక్కువ. అయినా మెకానికల్ చదివి డేటా సైన్స్‌లో చేరినవారు స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ పునాదుల కోసం తప్పకుండా అడగాలి. హోంవర్క్ మాత్రం చేసిపెట్టరు.

కొన్ని కోర్సులకు ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ ఉంటుంది. 1973లో ఇది మొదలైంది మనవాళ్లు ఎందరో చదువుకునే యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీ-కాన్సస్ సిటీలోనే. ఆ కోర్సు ముందే పాసైన విద్యార్థి మళ్లీ క్లాసులో కూర్చుని, తర్వాత అందరితో కలిసి చదివిస్తాడు. నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటుంది. వెనకబడిన విద్యార్థుల కోసమని కాకుండా, ఎక్కువమంది తప్పే కోర్సుల కోసం పెట్టారు. ఎవరైనా వెళ్లవచ్చు, కాబట్టి నామోషీ పడాల్సిందేమీ లేదు.

వ్యాసాలు, రిపోర్టులు రాయడంలో సాయం చేసే రైటింగ్ సెంటర్‌ని మనవాళ్లు దాదాపు పట్టించుకోరు. అసలు మనకే అది ఎక్కువ అవసరం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మన దగ్గర మార్కులు పడేవి. అక్కడ మూలం చెప్పకుండా రాస్తే ప్లేజరిజం కేసు అవుతుంది. అరగంట నుంచి గంట పక్కన కూర్చుని, మీ వాదన ఎక్కడ తేలిపోయిందో, సైటేషన్ (ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పే ప్రస్తావన) ఎక్కడ పెట్టాలో చూపిస్తారు. స్పెల్లింగులు దిద్దిపెట్టరు. అసైన్‌మెంట్ ప్రశ్న, సగం రాసిన డ్రాఫ్ట్ పట్టుకుని వెళ్లండి. విమానం ఎక్కకముందే నేర్చుకోవాలనుకుంటే పర్డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ అందరికీ ఉచితం.

వాట్సాప్‌లో ‘అసైన్‌మెంట్ చేసిపెడతాం, ఇంత ఇవ్వండి’ అనే మెసేజ్‌లకు జవాబివ్వకండి. దొరికితే సస్పెన్షన్ దాకా పోవచ్చు, దాని వెనకే వీసా సమస్య.

పరిస్థితి చేయి దాటుతుంటే ఆలస్యం చేయొద్దు. ఎంఎస్‌లో సాధారణంగా జీపీఏ (4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు) 3.0కి తగ్గకూడదు. కోర్సు వదిలేయాలనిపిస్తే గడువు ఎప్పుడో అడ్వైజర్‌ని అడగండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. అక్కడి బోధన తీరు కొత్త కావడం, ఇంగ్లిష్‌లో మొదట్లో వచ్చే ఇబ్బంది లాంటి కారణాలకు కోర్సులు తగ్గించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. కానీ అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. ఈ వరుస తప్పితే వీసా స్టేటస్ పోతుంది. రూమ్‌మేట్ సలహా ఇక్కడ సరిపోదు.

ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకు కూడా ఒక మాట. విద్యార్థి అనుమతి లేకుండా మార్కులు తల్లిదండ్రులకు చెప్పకూడదని అక్కడ 1974 నుంచి చట్టం ఉంది, కాబట్టి కాలేజీ నుంచి మీకు కబురు రాదు. ఆదివారం ఫోన్‌లో మార్కుల సంగతి పక్కనపెట్టి, ‘ఈ వారం ప్రొఫెసర్‌ని కలిశావా నాన్నా?’ అని అడగండి.