పెరూజా చిత్రశాలలో బంగారు పటాలను ఎలా చూడాలి

మా అమ్మాయి ఇటలీలోని పెరూజాలో చదువుకున్న రెండేళ్లలో నేను అక్కడి ఉంబ్రియా జాతీయ చిత్రశాలకు ఏడుసార్లు వెళ్లాను. బడిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను, చిన్నప్పుడు రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాలు చూస్తూ పెరిగాను. అయినా మొదటిసారి గదులన్నీ ఒకే పూటలో తిరిగేశాను. ఇంటికి వచ్చాక ఒక్క ముఖమూ జ్ఞాపకం రాలేదు. అందుకే మొదటి మాటగా చెబుతున్నాను: నాలుగైదు పటాలు ఎంచుకోండి, మిగతావి మరోసారికి వదిలేయండి.

ఫ్లోరెన్స్ నుంచి రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. స్టేషను కొండ కింద, పాత ఊరు కొండ మీద. మినీమెట్రో అనే చిన్న రైలు ఎక్కి చివరి స్టాపు పిన్చెత్తోలో దిగితే కోర్సో వన్నూచి వీధి దగ్గరే. ఆ వీధి పేరు చిత్రకారుడు పెరుజీనోది, ఆయన అసలు పేరు పియెత్రో వన్నూచి. చిత్రశాల అదే వీధిలో, పలాజో దేయి ప్రియోరి అనే పాత పురపాలక భవనంలో ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. కానీ నెమ్మదిగా చూడాలంటే మామూలు రోజు ఉదయమే మంచిది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

లోపలికి వెళ్లే ముందు చౌకులో ఉన్న ఫోంతానా మజ్జోరె చుట్టూ ఒకసారి తిరగండి. 1275-78 మధ్య కట్టిన ఫౌంటెన్ అది. కింది తొట్టె చుట్టూ పన్నెండు నెలల పనులు చెక్కారు, ద్రాక్ష తొక్కడం కూడా అందులో ఉంది. తరువాత చిత్రశాలలో ఆర్నోల్ఫో ది కంబియో శిల్పాల ముందు ఆగండి. కొన్నేళ్లకే విప్పేసిన మరో ఫౌంటెన్ కోసం 1281 ప్రాంతంలో చెక్కిన దాహార్తులు వారు. చేత కూజాతో ఒక స్త్రీ, నీటి ముందు కిందికి వాలిన మరొకతె, నడవలేని ఒక మనిషి. కుళాయి దగ్గర గంటలు నిలబడిన మన ఊళ్ల ఆడవాళ్లకు ఆ శిల్పాలను వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇక పటాలు. వాటిలో చాలావాటిని చర్చి వేదికల మీద నిలపడానికే వేశారు. కొవ్వొత్తుల వెలుగులో, మోకరిల్లినవారు తలెత్తి చూసేవారు. చెక్క మీద తెల్లని పూత పూసి, బంగారం వచ్చేచోట ఎర్రమట్టి పూత వేసి, దాని మీద రేకు అతికి మెరుగు పెట్టేవారు. రంగులను గుడ్డు సొనలో కలిపేవారు. నిటారుగా నిలబడి చూస్తే ఆ బంగారం పసుపు గోడలాగే ఉంటుంది. నడుము వంచండి, ఒక పక్కకు జరగండి. వెలుగు కదులుతుంది, పటం మారిపోతుంది. కాపలావారు నిషేధించిన గీత మాత్రం దాటకండి. మోకాళ్లు సహకరించకపోతే కూర్చునే చోటు వెతుక్కోండి.

ఈ సంగతి నాకు జెంతిలె ద ఫాబ్రియానో వేసిన మరియ తల్లి పటం దగ్గర తెలిసింది. కిందిభాగంలో చిట్టి దేవదూతలు స్వరాలు రాసిన పత్రం పట్టుకుని పాడుతుంటారు. బంగారంలోనే గీసిన మరికొందరు దూతలున్నారు. ఎదురుగా చూస్తే వారు కనిపించలేదు. నేను వంగి పక్కకు జరిగినప్పుడు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆ రోజు ఇంకే పటమూ చూడలేదు.

ఎక్కువ సమయం పియెరో దెల్లా ఫ్రాంచెస్కా పటానికి ఉంచుకోండి. పునీత అంతోని మఠం సన్యాసినుల కోసం వేసింది. నడుమ మరియ తల్లి వెనుక జరీ బట్టలాంటి బంగారం. పైన మాత్రం గబ్రియేలు దూత మరియకు శుభవార్త చెప్పే దృశ్యం, వెనుక లోలోపలికి సాగిపోయే స్తంభాల వరుస. ఒకే పటంలో రెండు కాలాల చిత్రకళ ఉంది: వెనుక బంగారం పాత పద్ధతి, లోతు చూపే స్తంభాలు కొత్త పద్ధతి. స్తంభాల వరుసను చూపుతో చివరిదాకా అనుసరించండి. తరువాత గొంతుకూర్చుని అడుగున ఉన్న చిన్న పలకలు చూడండి: బావిలో పడిన పిల్లవాడిని కాపాడే పునీత ఎలిజబెత్, రాత్రివేళ క్రీస్తు సిలువ గాయాలను తన ఒంటి మీద పొందే పునీత ఫ్రాన్సిస్. చేర్యాల పటంలో కథ వరుసలుగా దిగినట్టు ఇక్కడ పలకలుగా సాగుతుంది. పిల్లలను తీసుకెళితే మొదట ఈ పలకలే చూపించండి, అవి వారి కంటి ఎత్తులోనే ఉంటాయి.

దూచ్చో వేసిన మరియ దగ్గర బాల యేసు చేతిని చూడండి, తల్లి మేలిముసుగు పట్టుకుని ఉంటాడు. పెరుజీనో చిత్రాలు చాలా ఉన్నాయి, నాకు రెండు చాలు. ఆయన కుడ్యచిత్రాల కోసం పక్కనే ఉన్న కొలేజో దెల్ కంబియోకు, అంటే డబ్బు మార్చేవారి సంఘం పాత మందిరానికి, వెళ్లండి, దానికి వేరే టికెట్టు.

ప్రతి పటం పక్కన ఉన్న చీటీలో అది ఏ చర్చి నుంచి వచ్చిందో వెతకండి. దూచ్చో, జెంతిలె పటాలు, ఈ చిత్రశాలలోనే ఉన్న మరో చిత్రకారుడు ఫ్రా అంజెలికో పటం, మూడూ శాన్ దొమెనికో చర్చివే. అది నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంది. మధ్యాహ్నం మూసివేస్తారు కాబట్టి సాయంత్రం వెళ్లండి. లోపలి భాగాన్ని పదిహేడో శతాబ్దంలో మార్చి కట్టారు, తెల్లగా బోసిగా ఉంటుంది. వేదిక వెనుక 1411 నాటి పెద్ద రంగుటద్దాల కిటికీ మాత్రం ఉంది. దాని ఎదుట బల్ల మీద కూర్చుని, ఉదయం చూసిన మూడు పటాలనూ ఆ గోడల దగ్గర ఒక్కొక్కటిగా నిలిపి ఊహించుకోండి.